చాడీల వేలు

నీలవేణి కుడిచేతిని తొక్కనూనె గిన్నెలో మణికట్టు దాకా ముంచి, బయటికి తీసి, నవ్వింది.

జీడిపిక్క పెంకులోంచి కారే ఆ నూనె ఎంత మొండిదో పలాస చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. తగిలినప్పుడు ఏమీ అనదు. మర్నాటికి దురద మొదలవుతుంది, ఆ తర్వాత ఎర్రటి దద్దుర్లు, ఆపైన నీటి పొక్కులు, చివరికి తోలు పొరలు పొరలుగా ఊడిపోతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లను వాళ్ల చేతులే పట్టిస్తాయి. నీలవేణి తన పెళ్లిచూపుల్లో మొదటి నుంచి చివరి దాకా చేతులు కొంగు కిందే దాచుకుని కూర్చుంది. ఆ సంగతి తనే చెప్పి, చెప్పినప్పుడల్లా పడీపడీ నవ్వేది.

"సల్లగా ఉంది డాట్రమ్మా. ఆముదం రాసుకున్నట్టుంది" అంది, నల్లటి నూనె కారుతున్న చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

డాక్టర్ ఇందుమతి నవ్వలేదు. ఆ నూనె అసలు సంగతి మర్నాడు గాని బయటపడదని ఆమెకు తెలుసు. చేయి కడిగించి, నీలవేణిని ఆ రాత్రి ప్రయోగశాల పక్కగదిలోనే పడుకోబెట్టింది. మర్నాడు చూసింది, ఆ మర్నాడూ చూసింది. చేతి మీద పాత మచ్చలు తప్ప కొత్తది ఒక్క గింజంత పొక్కు కూడా లేదు. అప్పుడు నవ్వింది ఇందుమతి. ఆమెతో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞుడు ఆదిశేషు కిందికి పరిగెత్తి బజారంతా వెతికి మైసూర్‌పాక్ పట్టుకొచ్చాడు.

ఆ మందుకి ఇందుమతి 'చెలిమి' అని పేరు పెట్టింది. చూడ్డానికి చిన్న పట్టీ, ముంజేతి లోపలివైపు అంటించాలి. దాన్ని అంటిస్తున్నప్పుడే నీలవేణికి అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. తొక్కనూనె చర్మంలోకి ఇంకగానే అవి దొంగ వచ్చాడనుకుని మంట పెట్టి తరుముతాయి. దొంగ సంగతి ఎలా ఉన్నా ముందు ఇల్లు కాలుతుంది. దద్దురంటే ఆ కాలడమే.

"అయితే ఈ పట్టీ ఆళ్లకేటి సెప్తాది?" అని అడిగింది నీలవేణి.

"ఆయన దొంగ కాదు, మన చుట్టమే, పీట వేసి కూర్చోబెట్టమని చెబుతుంది."

మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద ఉండేది వాళ్ల ప్రయోగశాల. కిందంతా తుప్పు, పైన ఖరీదైన యంత్రాలు. పెద్ద నగరంలో మంచి ఉద్యోగం వదులుకుని ఇక్కడికి ఎందుకొచ్చావని అడిగినవాళ్లకు ఇందుమతి ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేది. అసలు జవాబు వాళ్లమ్మ. ఆమె కూడా పిక్కలు కొట్టిన మనిషే. సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో కూర్చుని చేతులకు ముందు ఆముదం, దాని మీద బూడిద పట్టించి, మోచేతుల దాకా తోమి, కుంకుడు రసంతో కడిగి, కట్టిన చీర విప్పి విడిగా దండెం మీద వేసేది. అదంతా అయ్యేదాకా పిల్లను దగ్గరకు రానిచ్చేది కాదు. అమ్మలు అమ్మలయ్యేది స్నానం చేశాకేనని చిన్నప్పుడు ఇందుమతి అనుకునేది. ఆ ఎదురుచూపు మీద కోపంతోనే ఆమె డాక్టరైంది, చర్మవ్యాధుల మీద పరిశోధనకు దిగింది. ఇంకే పిల్లా అలా గుమ్మంలో నిలబడి ఎదురుచూడకూడదని ఆమె పట్టుదల.

నీలవేణి తర్వాత, ఆమె పిక్కలు కొట్టే షెడ్డులోని ఇంకొంతమంది ఆడవాళ్లు పట్టీ వేయించుకున్నారు. చేతులు తేటపడ్డాయి. ఒకావిడ కొత్తగా గాజులు కొనుక్కుంది. ఇంకొకావిడ గోరింటాకు పెట్టుకుని వచ్చి మరీ చూపించింది. షెడ్డు గేటు పక్కన ఎన్నో ఏళ్లుగా ఉన్న బూడిద తొట్టి వాడేవాళ్లు లేక కోళ్లపాలైంది. అవి అందులో దర్జాగా పొర్లాడుతుండేవి. ఇందుమతి ఆ దృశ్యం చూసి మురిసిపోయి ఫోటో తీసింది. డాక్టర్ల సభలో చెలిమి గురించి మాట్లాడినప్పుడు తెర మీద మొదట వేసింది ఆ ఫోటోనే. ఇది మా విజయం అంది. చప్పట్లు మోగాయి.

పరీక్షకు రావలసిన రోజున నీలవేణి రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇందుమతి తనే స్కూటీ వేసుకుని వాళ్ల ఊరు వెళ్లింది. ఇంటి చూరుకు వేపమండలు కట్టి ఉన్నాయి. వాకిట్లో పసుపునీళ్లు చల్లి ఉన్నాయి.

నీలవేణి అత్తగారు అప్పయ్యమ్మ గుమ్మంలోనే ఆపింది. చెప్పులు దూరంగా విప్పమంది, జబ్బు అన్న మాట ఈ ఇంట్లో అనొద్దంది. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన మనవరాలు మేఘనకు అమ్మవారు పోసిందట. ఇంకా సరిగా కూర్చోవడం కూడా రాని పసిగుడ్డు. ఒకసారి తగ్గి, మళ్లీ పోసిందట. తల్లి పనిలోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఎక్కువవుతోందట. ముట్టు మైలలేమైనా కలిశాయేమోనని అప్పయ్యమ్మ భయం.

లోపల వేపాకుల పక్క మీద పిల్ల మూలుగుతోంది. కళ్లు వాచి రెప్పలు తెరుచుకోవడం లేదు. ఒళ్లు కాలిపోతోంది. నీలవేణి పక్కనే కూర్చుని తన నున్నటి చేతులతో బిడ్డ వీపు నిమురుతోంది. అమ్మవారు ఇంట్లో ఉండగా స్నానం చేయించకూడదు కాబట్టి పిల్లకు నీళ్లు పోయలేదు, గుడ్డలు ఉతకలేదు.

ఇందుమతి వంగి చూసింది. అమ్మవారు పోస్తే పొక్కులు విడివిడిగా, చెదురుమదురుగా ఒళ్లంతా వస్తాయి. ఒకటి కొత్తది, ఒకటి పాతది, ఒకటి ఎండుతున్నదిగా ఉంటాయి. ఇక్కడ అలా లేవు. చంకల కింద గుత్తులుగా ఉన్నాయి, తొడల మీద ఉన్నాయి, నడినెత్తిన ఒక్కటీ లేదు. పిల్లను మెల్లగా బోర్లా తిప్పింది. వీపు మీద పొక్కులు గీతలు గీసినట్టున్నాయి. ఒకవైపు నాలుగు గీతలు. రెండోవైపు ఒకే ఒక్కటి, పొట్టిగా, లావుగా.

ఆమె పిల్ల మీది నుంచి చేయి తీసి నీలవేణి వైపు తిరిగింది.

"నీలవేణీ, బిడ్డను ఎలా ఎత్తుకుంటావో చూపించు. తాకకు. పైపైన చూపించు చాలు" అంది.

నీలవేణికి అర్థం కాలేదు. అలవాటుగా చేతులు చాపింది. నాలుగు వేళ్లు నాలుగు గీతల మీదికి, బొటనవేలు ఆ పొట్టి మచ్చ మీదికి సరిగ్గా వచ్చి ఆగాయి. నీలవేణి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

"అమ్మవారు ఇలా గీతలు గీసి పోయదమ్మా. ఇది తొక్కనూనె. నీ చేతులకు తగిలినా నీకు తెలియడం లేదు. అది బిడ్డకు అంటుతోంది" అంది ఇందుమతి. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాటకు మెత్తదనం రాలేదు.

ఆ తర్వాత ఆమె ఎవరినీ బతిమాలలేదు. చాలా నీళ్లు, సబ్బు తెమ్మంది. అప్పయ్యమ్మ అడ్డం వచ్చింది, అమ్మోరు ఉండగా నీళ్లు పోస్తే పిల్ల దక్కదంది. ఇందుమతి ఆమె రెండు చేతులూ పట్టుకుని, నీళ్లు పోయకపోతేనే దక్కదని, ఏదైనా జరిగితే ఆ పాపం తనదేనని చెప్పి పక్కకు జరిపింది. నీలవేణిని ముట్టుకోనివ్వకుండా తనే పిల్లను సబ్బునీళ్లతో మెల్లగా కడిగింది. రుద్దలేదు, పొక్కులు చిదమలేదు. నీళ్లు ధారగా పోస్తూ మడతలన్నీ శుభ్రం చేసింది. గోళ్లు కత్తిరించింది. చల్లటి తడిగుడ్డ కప్పింది. వేపాకుల పక్క, గుడ్డలు, దుప్పటి, నీలవేణి చీరలు అన్నీ విడిగా మూటకట్టి వేడినీళ్లలో ఉతకమంది. పిల్లను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. గోకడం వల్ల పొక్కుల్లో చీము పట్టి జ్వరం వచ్చింది కాబట్టి దానికి వేరే మందు, వాపుకి వేరే మందు, బరువు చూసి లెక్కగట్టి పట్టించారు. నాలుగో రోజుకి మేఘన కళ్లు తెరిచింది.

తెరిచి, తల్లిని చూసి చేతులు చాపింది. నీలవేణి తన చేతులు వెనక్కి పెట్టుకుని, మంచానికి బారెడు దూరంలో గోడకు ఆనుకుని నిలబడింది.

ఇందుమతి ప్రయోగశాలకు వచ్చి ఆదిశేషుతో చెలిమి ఆపేస్తున్నామంది. ఇంకో రెండు షెడ్ల ఆడవాళ్లకు పట్టీలు పంచడానికి అంతా సిద్ధంగా ఉంది. ఆదిశేషు చెడ్డవాడు కాదు. ఆ పట్టీ కోసం ఎన్నో పండగలు ఇంటికి వెళ్లని మనిషి. ప్రతి పట్టీతో ఒక సబ్బు ఇద్దాం, చేతులు కడుక్కోమని బొమ్మలతో బోర్డు పెడదాం, సరిపోతుంది కదా అన్నాడు.

"మా అమ్మకు బోర్డు ఎవరూ పెట్టలేదు శేషూ. రేపు చేతులు కాలతాయని భయం, అందుకే రోజూ కడుక్కునేది. ఆ భయమే నన్ను కాపాడింది. దాన్ని మనం తీసేశాం" అంది ఇందుమతి.

గోడకు తగిలించిన కోళ్ల ఫోటో అప్పటికే ఆమె తీసి బల్ల కింద పడేసింది. ఆ నాలుగైదు రోజుల్లో పట్టీ వేయించుకున్న మిగతావాళ్ల ఇళ్లకూ వెళ్లి వచ్చింది. ఒక ఇంట్లో బడికెళ్లే పిల్లకు జడ పాయల వెంట మెడ మీద దద్దుర్లు ఉన్నాయి. ఇంకో ఇంట్లో మొగుడి భుజాల మీద ఉన్నాయి. ఆయన దోమలనుకుని దోమతెర కొనుక్కున్నాడు. అందరికీ కడగడం నేర్పింది, మందు ఇచ్చింది. బూడిద తొట్టిలోంచి కోళ్లను తరిమి, దగ్గరుండి కొత్త బూడిద పోయించింది.

చెలిమిని వెనక్కి తీసుకునే దారి లేదు. కాపలా కణాలు ఒకసారి చుట్టం అనుకున్నవాణ్ని జన్మలో మర్చిపోవు. నీలవేణి చర్మం ఇక ఎప్పటికీ ఏమీ చెప్పదు. ఆమె పని మానేసింది. రోజుకి ఎన్నిసార్లు కడుక్కుంటోందో ఆమెకే తెలియదు. వేళ్ల సందులు ఒరిసిపోయి రక్తం చిమ్ముతోంది. మేఘనను ఇంటికి తెచ్చాక అన్ని పనులూ అప్పయ్యమ్మే చూసుకునేది. తల్లి పాలు పిండి గిన్నెలో పోసిస్తే, నాయనమ్మ చెంచాతో పట్టేది.

పక్షం తిరక్కుండానే పిల్లకు మళ్లీ దద్దుర్లు వచ్చాయి.

ఈసారి మూతి చుట్టూ వచ్చాయి. కుడి గుప్పిట్లో, అరచేయంతా పొక్కులు. ఇందుమతి చూస్తూనే నీలవేణి వైపు తిరిగి, ఎత్తుకున్నావా అని అడిగింది.

నీలవేణి తల దించుకుంది. "ఒక్కసారి. నిద్దట్లో ఏడ్సింది, అత్త బయట ఉంది. కడుక్కునే ఎత్తినాను డాట్రమ్మా. సానాసార్లు కడుక్కునే ఎత్తినాను."

ఇంకేమీ అడగవలసిన పని లేదనుకుంది ఇందుమతి. గోళ్ల మూలల్లో మిగిలిందేమో, గాజులకు అంటి ఉందేమో, పరుపు కుట్లలో ఇంకిందేమో. కంటికి కనపడని నూనె ఎక్కడైనా ఉండొచ్చు. గాజులు తీయించింది, పరుపు కాల్చకుండా గోతిలో పాతిపెట్టించింది, ఎందుకంటే ఆ నూనె పొగ పీల్చినా ప్రమాదమే. మందు మళ్లీ మొదలుపెట్టింది. పక్కన నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డ అప్పయ్యమ్మ బొటనవేలి మీద నల్లటి మచ్చ ఉంటే అదేమిటని అడిగింది. పొయ్యి దగ్గర కాలిందని ఆవిడ అంది. ఇందుమతి తలూపి ఊరుకుంది. ఒకసారి దొంగ దొరికాక రెండో దొంగను ఎవరు వెతుకుతారు. ఇందుమతీ వెతకలేదు.

వెళ్లేటప్పుడు నీలవేణి గేటు దాకా వచ్చింది. పుట్టింటికి పోతానంది. తను లేకపోతే బిడ్డ బాగుంటుందంది. ఏడవలేదు, తేల్చుకున్న మనిషిలా చెప్పింది.

"ఎనకటి సేతులు ఉన్నప్పుడే నయం డాట్రమ్మా. మండినా ఎక్కడుందో సెప్పేవి. ఇప్పుడు నా సేతుల మాట నాకే తెలీదు. ఇలగ బతకమంటే ఎలగ?"

కొన్నాళ్లు ఆగమని, పుట్టింటికి వెళ్లవద్దని ఇందుమతి ఆమె దగ్గర మాట తీసుకుంది. అంత ధైర్యంగా మాట ఎలా తీసుకుందో ఆమెకే తెలియదు, ఎందుకంటే అప్పటికి చేతిలో ఏమీ లేదు. నీలవేణి అన్న మాట మాత్రం స్కూటీ మీద ఇంటి దాకా వెంట వచ్చింది. చేతులు చెప్పేవి. అంటే మళ్లీ చెప్పేలా చేయాలి. చేయి మొత్తం అక్కర్లేదు, ఎక్కడో ఒక్కచోట చెబితే చాలు.

ఆ వేసవంతా ఇందుమతి, ఆదిశేషు అదే పనిలో ఉన్నారు. పాత కాపలా కణాలతో లాభం లేదు, అవి మర్నాటికి గాని మేల్కోవు. తల్లి మర్నాడు తెలుసుకుంటే బిడ్డకు ఏం ఒరుగుతుంది. చీమ కుట్టగానే చిటికెలో దురద పుట్టించే కణాలు వేరే ఉన్నాయి. వాటికి తొక్కనూనె ఆనవాలు నేర్పాలి. నేర్పినది ఒకచోటే ఉండాలి, ఒళ్లంతా పాకకూడదు. పచ్చబొట్టులా సూదితో చర్మంలోకి గుచ్చే మందుచుక్కలు తయారుచేశారు. మొదటి రకం చుక్కలు ఏమీ చేయలేదు. రెండో రకంతో గాజుపలక మీద పెంచిన చర్మం మొత్తం ఉబ్బిపోయింది. ఆదిశేషు బల్లలు గుద్దాడు, కాగితాలు చించాడు, అలిగి వెళ్లి టీ తాగి మళ్లీ వచ్చాడు. ఇందుమతి మాత్రం పొద్దున్నే వచ్చి కూర్చునేది. ఇది జరిగితీరాలి అన్నది తప్ప ఇంకో మాట ఆమె నోట రాలేదు.

చివరికి చుక్క కుదిరింది. ఎవరికి వేయాలన్న ప్రశ్నే రానివ్వలేదు ఇందుమతి. ఎడమచేతి చిటికెన వేలు చాపి సూది శేషు చేతికిచ్చింది.

"మేడం, ఇది కూడా వెనక్కి తీసుకోలేం. జన్మంతా ఉంటుంది" అన్నాడు అతను.

"నీలవేణికి మనం అంటించింది కూడా జన్మంతా ఉండేదే కదా. పొడువు."

చుక్క పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ తర్వాత ఒకరోజు ఇందుమతి చిటికెన వేలిని తొక్కనూనె అంటిన గుడ్డకు తాకించింది. చెంబులో నీళ్లు ముంచుకునేంత సేపు కూడా పట్టలేదు, వేలు కందిపోయి భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగతా చేయి మామూలుగా ఉంది. ఆదిశేషు ఎగిరి గంతేశాడు. ఆ సాయంత్రం అతను బంగినపల్లి పండ్లు తెచ్చాడు. పండు ముట్టుకోగానే ఆమె వేలు మళ్లీ మండింది. మామిడి సొన, జీడిపిక్క తొక్క, మన్యంలో దొరికే నల్లజీడి అన్నీ ఒకే వంశం, ఒకే విషం. పేరు వేరైనా వేలు ఊరుకోదు. ఇందుమతి చిటికెన వేలిని పైకెత్తి పెట్టుకుని, మిగతా వేళ్లతో పండు పట్టుకుని తింది. ఇక జీవితాంతం మామిడిపండు అలాగే తినాలి కాబోలనుకుని నవ్వింది.

నీలవేణి రెండో ఆలోచన లేకుండా చేయి చాపింది. మండుతుందని, ఎప్పటికీ మండుతుందని, మామిడిపండుకీ మండుతుందని ఇందుమతి ఒకటికి రెండుసార్లు చెప్పింది. మండనీ అంది నీలవేణి. వారాలు గడిచి, మొదటిసారి నూనెగుడ్డ తగిలి వేలు ఎర్రబడ్డప్పుడు ఆమె దాన్ని కళ్ల ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"ఇది సాడీల ఏలు డాట్రమ్మా. మా ఆడబిడ్డలాగ. ఏదీ దాసనివ్వదు" అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె నవ్వు వినడం అదే.

ఆ ఆదివారం పొద్దున ఇందుమతి నీలవేణితో కలిసి వాళ్లింటికి వెళ్లింది. మేఘనకు దద్దుర్లు తగ్గడం, తిరగబెట్టడం ఇంకా సాగుతూనే ఉంది. పిల్ల నీరసించింది. తల్లిని చూస్తే ఇప్పుడు చేతులు చాపడం కూడా మానేసింది, ఊరికే చూస్తుంది. నీలవేణికి పొక్కుల కన్నా అదే ఎక్కువ బాధ.

పెరట్లో నీలవేణి బూడిదతో, కుంకుడు రసంతో చేతులు తోముకుంది. ఆరాక చిటికెన వేలిని రెండు అరచేతుల మీద, గోళ్ల మూలల్లో, చీర కుచ్చెళ్ల మీద, మెడలోని పసుపుతాడు మీద మెల్లగా రాసి చూసుకుంది. వేలు పలకలేదు. ఇందుమతి వైపు చూసింది. వెళ్లమని ఇందుమతి సైగ చేసింది.

దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో మేఘన మేలుకునే ఉంది. నీలవేణి ఉయ్యాల అంచు పట్టుకుని గుడ్డ పక్కకు తీసింది. అంతలోనే నిప్పు తగిలినట్టు చేయి వెనక్కి లాక్కుంది. చిటికెన వేలు ఎర్రగా కందిపోయింది.

"ఉంది" అంది. "ఇంకా ఉంది డాట్రమ్మా. నా సేతులకి ఇంకా ఉంది. ఇది పోదు."

వెనక్కి వెనక్కి నడుస్తూ గోడకు తగిలింది. ఇందుమతి దగ్గరకు వెళ్లి ఆమె రెండో చేతిని పట్టుకుంది. తన చిటికెన వేలిని ఆ అరచేయంతా రాసింది, ప్రతి వేలి సందులోనూ తిప్పింది. ఆగి చూసింది. వేలు చల్లగా ఉంది. అప్పుడు ఉయ్యాల దగ్గరకు వెళ్లి, నీలవేణి పట్టుకున్న అంచునే పట్టుకుంది. ఆమె వేలు కూడా భగ్గుమంది.

అంచు మడత విప్పి చూసింది. నల్లదారానికి కట్టి, ఉయ్యాల లోపలివైపు పిల్ల చేతికి అందేంత కిందికి వేలాడుతోంది ఒక నల్లటి గింజ. దబ్బనంతో పొడిచి దారం ఎక్కించారు. పొడిచిన చోటి నుంచి రసం కారి ఎండి గుడ్డకు మరకైంది. గింజ మీద చిన్న చిన్న చిగుళ్లతో కొరికిన తడి ఉంది.

నల్లజీడి. మూతి చుట్టూ దద్దుర్లు, గుప్పిట్లో పొక్కులు. ఎత్తుకున్న తల్లి చేయి పిల్ల గుప్పిట్లో ఎందుకు అంటుతుంది, మూతికి ఎందుకు అంటుతుంది అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు తను. చదువుకున్నదంతా ఆ తల్లి మీద నేరం మోపడానికే వాడినట్టయిందని ఇందుమతికి సిగ్గేసింది. ఆ మాట పైకే అంది. తప్పు నాది, సరిగ్గా చూడలేదు అంది.

ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది. అప్పయ్యమ్మ తన బొటనవేలి మీది నల్లమచ్చను కొంగుతో కప్పుకుంది.

"దిష్టి తగలకుండా కట్టినాను" అంది మెల్లగా. "ఆసుపత్రి నించి తెచ్చిన నాడే సంతకెల్లి తెచ్చినాను. పిల్ల సక్కగా ఆడుకుంటంది అనుకున్నాను."

నీలవేణి అత్త వైపు చూస్తున్నట్టే లేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి, వాటిని కొత్తగా చూసినట్టు చూసుకుంది.

"నా సేతులు కావు" అంది. మళ్లీ అంది. "ఆ రోజు ఎత్తుకున్నది కూడా కాదు. నా సేతులు కావు."

అప్పయ్యమ్మ పిల్లను ఉయ్యాల్లోంచి దించి చాప మీద పడుకోబెట్టి, లోపలికి వెళ్లి కత్తిపీట తెచ్చింది. ఎవరూ చెప్పకుండానే చేతికి గుడ్డ చుట్టుకుని, నల్లదారం కోసి, గింజను, మరకపడ్డ ఉయ్యాల చీరను మూటకట్టి పెరట్లో పాతిపెట్టడానికి తీసుకెళ్లింది. వచ్చి చేతులకు ఆముదం, బూడిద పట్టించుకుని తోముకుంది. తర్వాత చెంబుతో నీళ్లు పట్టుకుని కోడలి ముందు కూర్చుంది. నీలవేణి చేతులు చాపితే అత్తే బూడిద పట్టించి, తోమి, నీళ్లు పోసింది. పోస్తున్నంతసేపూ ఆవిడ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. ఆ నీళ్లు చిటికెన వేలి మీద కూడా పడ్డాయి. మంట మాత్రం వెంటనే పోదు, ఆ సంగతి ఇందుమతికి తెలుసు.

ఇందుమతి కూడా చేతులు తోముకుని, పిల్లను కడిగి, పొడిగుడ్డలో చుట్టి, మందు రాసింది. ఆదిశేషుకి ఫోను చేసి ఇవాళ్టి నుంచి ఈ చుక్క లేకుండా ఒక్క పట్టీ కూడా ఎవరికీ అంటించేది లేదని, బూడిద తొట్టి లేని షెడ్డుకి అసలు వెళ్లేది లేదని చెప్పాలి. పట్టీ వేయించుకున్న ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లి ఉయ్యాలలు, మొలతాళ్లు అన్నీ చూడాలి. అవన్నీ కాసేపాగి చేయవచ్చు. ముందు గుడ్డలో చుట్టిన బిడ్డను నీలవేణి ముందుకు చాపింది.

మేఘన తల్లిని చూసింది. చూసి, అలవాటు తప్పిన పనిలా, ఒక్క చేయి మాత్రం కొంచెం పైకెత్తింది.

నీలవేణి కందిపోయిన చిటికెన వేలు ఒక్కదాన్ని పైకెత్తి దూరంగా పట్టుకుని, మిగిలిన తొమ్మిది వేళ్లతో బిడ్డను గుండెకు హత్తుకుంది.